బల్గేరియా మఠంలో మావయ్య పేరు

ఆరు వారాల శిక్షణకు బల్గేరియా వెళ్తున్నానని చెప్తే, అదెక్కడుందని నన్ను పదకొండు మంది అడిగారు. గ్రీసుకు పైన, టర్కీకి పక్కన అన్నాను. తొమ్మిది మంది అంతటితో ఊరుకున్నారు. మిగిలిన ఇద్దరూ రేపల్లెలో ఉండే మా మావయ్యా, అత్తా. "పెరుగు దొరుకుద్దా?" అని మావయ్య, "గుళ్ళున్నాయా?" అని అత్త. రెండూ ఉన్నాయి. రెండింటి గురించీ సమానంగా రాద్దామనుకున్నాను గానీ, రెండో దాని విషయంలో నేను చేసిన పని వల్ల పెరుగుకు చోటు తగ్గింది.

మావయ్య అంటే మా అమ్మకు అన్న. రేపల్లెలో ఒక బియ్యం మిల్లులో ముప్ఫై ఏళ్ళుగా మెకానిక్కు. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరునయ్యానంటే సెలవుల్లో ఆ మిల్లులో తిరగడం వల్లే. కాలేజీలో నేర్చుకున్నదానికన్నా ఆయన లాగ్‌బుక్కు దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ గుర్తుంది. లాగ్‌బుక్కులో పేజీ చింపకూడదు. తప్పు రాస్తే దాని మీద దిద్దకూడదు. అడ్డంగా ఒకే గీత, పక్కన సంతకం, తేదీ.

నేను ప్లోవ్‌దివ్ అనే ఊళ్ళో ఒక ఫ్యాక్టరీలో కంట్రోలు ప్యానెళ్ళ పని నేర్చుకుంటున్నాను. నాలుగో వారంలో మా లైను మరమ్మతుకు ఆపారు. శనివారం నుంచి మంగళవారం దాకా సెలవు. మఠాలు చూద్దామని పథకం వేసుకుని, శుక్రవారం సాయంత్రం ఫోను కార్డు గీకి రేపల్లెకు ఫోన్ చేశాను. మావయ్యకు గుండె ఆపరేషను బుధవారం పొద్దున ఎనిమిదింటికని, గుంటూరులో అని అప్పుడే తెలిసింది.

"నువ్వెటూ గుళ్ళకే పోతన్నావుగా, మావయ్య పేరు మీద అర్చన చేయించరా," అంది అత్త.

"అవి చర్చిలత్తా."

"పాతయ్యేనా?"

"వెయ్యేళ్ళవి కూడా ఉన్నాయంట."

"ఇంకేం. అంత పాత చోట దేవుడికి వినటం బాగా అలవాటై ఉంటది. ఒక్కాయన పేరే చెప్తే బాగోదు. కాగితం తీసుకో, అందరివీ చెప్తా."

ముందు గోత్రం, ఆ పైన ఇరవై పేర్లు చెప్పింది. గోత్రం కింద నేను పంతొమ్మిదే రాశాను. చివరిది మా అమ్మమ్మది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. రేపల్లె గుళ్ళో కూడా అత్త ఆ పేరు చెప్పడం, పూజారిగారు దాన్ని మెల్లగా మింగేయడం నేను చూశాను. బతికున్నవాళ్ళ జాబితాలో పోయిన మనిషి ఉండటం తప్పు. తప్పుల్ని ఏరేయడమే నా ఉద్యోగం.

మొదటి రోజు: ప్రసాదం ఉన్న వైపు

ప్లోవ్‌దివ్ నుంచి రెండు గంటలు బస్సు, ఆ పైన కొండ మీద చిన్న మఠం. అందరూ ఆడ సన్యాసినులే. రాతి గోడ, లోపల చెక్క వరండాలు, వాటి నిండా ఎర్ర పూల కుండీలు, నడుమ నేను చేయెత్తితే చూరు అందేంత చిన్న చర్చి. ఎవరో పెద్దవాళ్ళ ఇంటి పెరట్లోకి అడక్కుండా వచ్చినట్టు అనిపించింది.

అలవాటు కొద్దీ గుమ్మం బయట బూట్లు విప్పాను. అక్కడ ఎవరూ విప్పరు. నావి ఒక్కటే జత.

లోపల జనం కిటకిట. ప్రతి ఆడమనిషి చేతిలోనూ ఒక పళ్ళెం. పళ్ళెంలో ఉడికించిన గోధుమలు, మీద పంచదార పొడి, వాల్‌నట్ ముక్కలు. కుడి వైపు బల్ల దగ్గర మనుషులు తక్కువ, పళ్ళేలు లేవు. ఎడమ వైపు బల్ల నిండా పళ్ళేలు, వాటి వెనక పెద్ద రిజిస్టరు పెట్టుకుని డెబ్బై దాటిన సన్యాసిని మామ్మగారు. ఎటు వెళ్ళాలో నాకు ఒక్క క్షణం కూడా సందేహం రాలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను చూసిన ప్రతి గుళ్ళోనూ అర్చన చీటీ ఇచ్చే చోటు ప్రసాదం పక్కనే ఉంది.

వరసలో ఉండగానే నలుగురు నాకు చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో గోధుమలు పెట్టారు. ఏలకులు లేని చక్కెర పొంగలి అనుకోండి. పెట్టేటప్పుడు ప్రతివాళ్ళూ "బొగ్ ద ప్రోస్తి" అంటున్నారు. నేనూ తిరిగి "బొగ్ ద ప్రోస్తి" అన్నాను. వాళ్ళకు సంతోషమైంది. పండగ శుభాకాంక్షలన్నమాట అని డైరీలో రాసుకున్నాను.

నా వంతు వచ్చింది. పేర్లు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసిన కాగితం ఇచ్చాను. మామ్మగారు కళ్ళద్దాలు సవరించుకుని, ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ తన లిపిలో రిజిస్టరులోకి ఎక్కించింది. అందరికన్నా ముందు గోత్రం రాసి ఉంది కాబట్టి కౌండిన్యుణ్ణి మొదటి మనిషిగా రాసి, మావయ్యను రెండో వాణ్ణి చేసింది. తర్వాత తలెత్తి ఏదో అడిగింది. 'అందరూ ఒకే కుటుంబమా' అని అయి ఉంటుందనుకుని, మనం సరే అనడానికి తల పక్కలకు ఊపుతామే, అలా ఊపాను. చేత్తో నేల వైపు చూపిస్తూ ఇంకొకటి అడిగింది. 'ఇక్కడ రాసినవి చాలా' అని కాబోలు. మళ్ళీ ఊపాను. బల్గేరియా వాళ్ళు అవునంటే తల పక్కలకే ఊపుతారు. కాదంటే పైకీ కిందకీ. మా ఊరు తెనాలి దాటాక నా తల ఊపు సరిగ్గా అర్థం చేసుకునే దేశం ఇదొక్కటేనని నాకు అప్పటిదాకా ఎంతో సంతోషంగా ఉండేది.

మామ్మగారు నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కళ్ళు తుడుచుకుంది. ఎంత ఆప్యాయత అనుకున్నాను.

పంతొమ్మిది కొవ్వొత్తులు కొన్నాను. పెట్టడానికి రెండు చోట్లున్నాయి. పైన ఇత్తడి తట్ట, కింద ఇసక పోసిన రేకు పెట్టె. పైన గాలి తగిలి రెపరెపలాడుతున్నాయి. కింద మూడు వైపులా రేకు అడ్డం ఉంది, ఖాళీ కూడా ఉంది. సాంకేతికంగా కిందదే మెరుగు. వరసకు ఆరు చొప్పున మూడు వరసలు పెట్టి, మిగిలిన ఒకటి, మావయ్యది, ముందు నిలబెట్టాను. వాటి వెలుగులో రిజిస్టరు పేజీని ఫొటో తీసుకున్నాను.

బయటికొస్తే నా ఎడమ బూటులో యాభై స్తోతింకీల, అంటే వాళ్ళ పైసల, నాణెం, కుడి బూటులో బిస్కెట్ల పొట్లం ఉన్నాయి. ఎందుకు పెట్టారో ఆ రోజు తెలియలేదు. బిస్కెట్లు బాగున్నాయి.

రెండో రోజు: ఆకులు పరిచిన నేల

బచ్కోవో మఠం దారి మన తిరునాళ్ళ దారి లాంటిదే. రెండు పక్కలా దుప్పట్లు, తేనె సీసాలు, చెక్క బొమ్మలు. గేదె పెరుగు అమ్మే ముసలాయన దగ్గర ఆగాను. కప్పు ఒక లెవా, అంటే మన ముప్ఫై రూపాయలు. తెనాలిలో ఆ డబ్బుకు కుండెడు వస్తుంది. కానీ ఈ పెరుగు కప్పు బోర్లించినా పడదు. నేను బోర్లించి చూశాను. మావయ్య కోసం చూడాల్సిన పని అది.

ఆ ముసలాయనకు "బొగ్ ద ప్రోస్తి" అన్నాను. ఆయన టోపీ తీసి, నా మొహంలోకి చూసి, ఇంకో కప్పు ఊరికే ఇచ్చాడు. తేనె ఆవిడతో అంటే బుగ్గ నిమిరింది. గేటు దగ్గర కాపలా మనిషితో అంటే లేచి నిలబడ్డాడు. విదేశీయుడు తమ భాషలో ఒక ముక్క మాట్లాడితే ఇంత మర్యాద చేసే మనుషుల్ని నేనెక్కడా చూడలేదని డైరీలో ఉంది. దాని కింద రెండు గీతలు కూడా ఉన్నాయి.

ఆ రోజు వాళ్ళ పెద్ద పండగట. చర్చి నేలంతా పచ్చగడ్డి, వాల్‌నట్ ఆకులు పరిచారు. వినాయకచవితి పత్రి తెచ్చిన సంచీ విప్పినప్పటి వాసన. జనం ఆ ఆకుల మీద మోకాళ్ళూని చాలాసేపు ప్రార్థన చేశారు. నేనూ మోకాళ్ళూనాను. ఏడు నిమిషాలకు కాలు తిమ్మిరెక్కి పక్కనున్న పెద్దాయన మీద ఒరిగాను. ఆయన భుజం అందించాడు. చీకటి గోడల మీద నల్లబడిన బొమ్మల్లో కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. ఎన్నో తరాల కొవ్వొత్తుల పొగ అది. కడగొచ్చుగా అని ఇంజనీరు అనుకున్నాడు. కడిగితే ఏమి పోతుందో మోకాళ్ళ మీద ఉన్నవాడికి అర్థమైంది.

మూడో రోజు: కారు ఆగిన చోటు

సోమవారం రీలా మఠానికి నన్ను కార్లో తీసుకెళ్తానన్నది దిమితర్. మా ఫ్యాక్టరీలో ఫోర్‌మన్, యాభై ఏళ్ళ మనిషి, ఇంగ్లీషు బాగా వచ్చు. నన్ను "కొలెగా" అంటాడు, తోటి పనివాడా అని. కారెక్కుతూనే హుషారుగా "బొగ్ ద ప్రోస్తి!" అన్నాను.

దిమితర్ ఇంజను ఆపేశాడు.

"ఎవరు పోయారు కొలెగా?"

"ఎవరూ పోలేదే. పండగ కదా."

"అది పోయినవాళ్ళ కోసం అనే మాట. దేవుడు వాళ్ళను క్షమించుగాక అని. నీకెవరు నేర్పారు?"

శనివారం సంగతి చెప్పాను. గోధుమల దగ్గరకొచ్చేసరికి ఆయన మీసం కదలడం మొదలైంది. మొన్న శనివారం పోయినవాళ్ళను తలచుకునే రోజట. గోధుమలు వాళ్ళ పేరు మీద పంచేవట. గుమ్మం బయట బూట్లు చూసి ఎవరో బీదవాడివనుకుని, వాటిలోనూ పోయినవాళ్ళ పేరు మీదే దానం వేశారట. మన లెక్కలో చెప్పాలంటే, ముక్కూ మొహం తెలియని నలుగురి ఇళ్ళ తద్దినాల్లో పిలవకుండా వెళ్ళి నేను మారు వడ్డించుకుని తిన్నాను.

"కొవ్వొత్తులు ఎక్కడ పెట్టావు?"

"కింద. గాలి తగలదని."

"కింద పోయినవాళ్ళకి. పైన బతికున్నవాళ్ళకి." స్టీరింగు మీద తల ఆనించి నవ్వుతున్నాడు. "పేర్లేమైనా రాయించలేదు కదా?"

నేను కెమెరా ఇచ్చాను. ఆయన ఫొటో పెద్దది చేసి పేజీ పైనున్న ఎర్ర అక్షరాలు చదివాడు. ఆత్మశాంతి కోరవలసిన వారు అని. మామ్మగారు అడిగిన రెండు ప్రశ్నలు ఏమై ఉంటాయో కూడా చెప్పాడు. మొదటిది, వీళ్ళందరూ బాప్తిజం పొందినవాళ్ళేనా అని. రెండోది, అందరూ పోయారా అని. నేను రెండు సార్లు తల ఊపాను. అర నిమిషంలో మా కుటుంబం మొత్తం మతం పుచ్చుకుని చనిపోయింది.

"పంతొమ్మిది మంది ఒకేసారి!" దిమితర్ కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. "పాపం ఆవిడ, పడవ మునిగిందనుకుని ఉంటుంది. సరే, ఈ మొదటాయన ఎవరు?"

"ఆయన ఋషి. నిజంగానే పోయారు, వేల ఏళ్ళ కిందట."

"ఒకటైనా సరిగ్గా ఉంది. రెండో ఆయన?"

"మా మావయ్య. ఎల్లుండి పొద్దున గుండె ఆపరేషను."

దిమితర్ నవ్వు ఆగిపోయింది. ఆయన నవ్వు ఆపడమే నన్ను భయపెట్టింది. నవ్వుతూనే ఉంటే నేనూ నవ్వేసేవాణ్ణి.

"నాకు వీటి మీద నమ్మకం లేదు," అన్నాను.

"నాకూ లేదు కొలెగా," అన్నాడు. ఇంజను మళ్ళీ స్టార్టు చేస్తూ, "మా అమ్మమ్మైతే ఈపాటికి వెనక్కి బయల్దేరేది," అన్నాడు.

దిమితర్‌కు రీలాలో పనుంది, సాయంత్రం తిరిగొచ్చాక ఆ చిన్న మఠానికి బస్సు లేదు. అందుకని రీలా చూశాం. నలుపూ తెలుపూ చారల కమానులు, చుట్టూ మంచు కొండలు, లోపల మనిషి దిగి నిలబడేంత వంట డేగిసాలు. బాపట్లలో పెళ్ళి వంటల వాళ్ళు చూస్తే ఆ డేగిసాల్ని వదిలి రారు. వెనక గేటు దగ్గర మేకిత్సీ అని మైదా పిండితో పెద్ద పూరీలు వేయిస్తున్నారు, మీద పంచదార చల్లి. మూడు తిన్నాను. రుచి గుర్తులేదు. చర్చి బయటి గోడ మీద నరకం బొమ్మ ఉంది. పాపుల్ని తోకలున్నవాళ్ళు లాక్కుపోతున్నారు. తప్పుడు వరసలో పేర్లు రాయించినవాడు ఎక్కడైనా ఉన్నాడేమోనని వెతికాను.

మంగళవారం దిమితర్‌కు డ్యూటీ. మామ్మగారికి ఇమ్మని ఒక ఉత్తరం రాసి, కింద ఫ్యాక్టరీ ఫోను నంబరు వేశాడు. విషయం: నమోదులో సవరణ.

నాలుగో రోజు: ఆరు కిలోమీటర్ల ఎక్కుడు

మఠం దాకా వెళ్ళే బస్సు శనాదివారాల్లోనేనట. మంగళవారం నన్ను కింద ఊళ్ళో దించేసింది. ఆరు కిలోమీటర్లు కొండ ఎక్కాను. రేపల్లె వైపు నేల అద్దంలా చదునుగా ఉంటుంది. మా ప్రాంతంలో ఎత్తు అంటే కాలవ కట్ట. ప్రతి మలుపులోనూ ఆగి టైము చూసుకున్నాను. ఇండియాలో ఇంకో రెండున్నర గంటలు ఎక్కువ. మావయ్యను ఈపాటికి ఆస్పత్రిలో చేర్చి ఉంటారు.

మామ్మగారు వరండాలో చిక్కుడుకాయలు వలుస్తోంది. నన్ను గుర్తుపట్టి, పాపం ఇంకెవరైనా పోయారేమోనన్నట్టు లేచి నిలబడింది. ఉత్తరం ఇచ్చాను. రెండు సార్లు చదివింది. నా వైపు చూసి, వేలితో పైకి చూపించి, తర్వాత నన్ను చూపించి, ఏదో అడిగింది. ఈసారి నేను తల ఊపలేదు. తల మీద ఉన్న నమ్మకం పోయింది. ఆవిడ ఆఫీసు గదిలోకి వెళ్ళి దిమితర్‌కు ఫోన్ చేసింది. రిసీవరు ఆవిడ చేతి నుంచి నా చేతికీ, నా చేతి నుంచి ఆవిడ చేతికీ తిరిగింది.

"అందరూ బతికే ఉన్నారా అని అడుగుతోంది. నోటితో చెప్పు, తల కదపకు," అన్నాడు దిమితర్.

"అందరూ ఉన్నారు."

మామ్మగారు కుర్చీలో కూలబడింది. ఈ మూడు రోజులూ పంతొమ్మిది మంది కోసం ఏడ్చిందట. కాసేపు నా మీద కేకలేసింది. దిమితర్ వాటిని అనువదించనన్నాడు. తర్వాత రిజిస్టరు తీసి పేజీ చింపబోయింది.

"వద్దు!" అని తెలుగులోనే అరిచాను. ఫోన్లో దిమితర్‌కు మావయ్య పద్ధతి చెప్పాను. పేజీ చింపకూడదు. ఒకే గీత, పక్కన సంతకం, తేదీ.

దిమితర్ చెప్పింది విని ఆవిడ నన్ను కొత్తగా చూసింది. సొరుగులోంచి స్కేలు తీసింది. పంతొమ్మిది గీతలు, స్కేలు పెట్టి, ఒక్కటి కూడా వంకర పోకుండా. ప్రతి గీత పక్కనా నేను పొట్టి సంతకం, తేదీ వేశాను. కౌండిన్యుడి దగ్గర స్కేలు ఆగింది.

"అంత పాత మనిషికి బాప్తిజం ఉందో లేదో ఎవరు చెప్పగలరు, ఉండనీ అంటోంది," అన్నాడు దిమితర్.

బాప్తిజం లేనివాళ్ళను రిజిస్టరులో బతికున్నవాళ్ళ పేజీకి ఎక్కించడం కుదరదట. కానీ ఆవిడ జేబులోంచి నూనె మరకల నోటుబుక్కు ఒకటి తీసింది. అది ఆవిడ సొంత ప్రార్థనలకు. అందులో ఎవరినైనా రాసుకోవచ్చు. ఎడమ పేజీ బతికున్నవాళ్ళది, కుడి పేజీ పోయినవాళ్ళది. ఎడమ పేజీలో పంతొమ్మిది పేర్లూ రాసింది. మావయ్య పేరు ముందు.

రాయడం అయ్యాక కుడి పేజీ మీద కలం పెట్టి నా వైపు చూసింది. దిమితర్ అక్కర్లేకుండానే అర్థమైంది. మీకంటూ నిజంగా పోయినవాళ్ళు ఎవరూ లేరా?

నేను అమ్మమ్మ పేరు చెప్పాను. ఆవిడ నాతో మూడు సార్లు పలికించుకుని మరీ సరిగ్గా రాసింది. అత్త చెప్పినవి ఇరవై. ఇప్పుడు లెక్క కుదిరింది.

కొవ్వొత్తులు మఠంలో పన్నెండే మిగిలాయి. మిగతావాటికి సగం కాలినవి తెచ్చింది. అన్నీ పైన, ఇత్తడి తట్టలో పెట్టాం. గాలికి రెండు సార్లు ఆరిపోతే రెండు సార్లు ఆవిడే వెలిగించింది. అమ్మమ్మది మాత్రం కింద ఇసకలో. అది ఒక్కసారి కూడా ఆరలేదు.

వెళ్ళేటప్పుడు ఒక సంచీ చేతిలో పెట్టింది. లోపల రొట్టె, చిక్కుడు గింజలు. గోధుమలు లేవు.

బుధవారం, తర్వాత రేపల్లె

బుధవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ ఫోను దగ్గర దిమితర్ నా పక్కనే నిలబడ్డాడు.

"నాలుగ్గంటలు పట్టిందిరా," అంది అత్త. "కళ్ళు తెరిచి మొదట ఏమడిగాడో తెలుసా? మిల్లు ఆడతందా అని! నేను ఎదురుగా ఉంటే మిల్లు! ఇంతకీ అర్చన చేయించావా?"

"చేయించానత్తా. రెండు సార్లు."

ఊరికి వచ్చాక మొదటి ఆదివారం తెనాలి నుంచి రైల్లో రేపల్లె వెళ్ళాను. అంతకుముందే ఫొటోలన్నీ మెయిల్లో పంపి ఉన్నాను. మావయ్య మంచం మీద దిండ్లకు ఆనుకుని, నేను తెచ్చిన బల్గేరియా పెరుగు తోడును గేదె పాలల్లో వేయించి, ఆ గిన్నె బోర్లించి చూస్తున్నాడు. దేవుడి గదిలోకి తొంగి చూసి ఆగిపోయాను. వెంకటేశ్వరస్వామి పక్కన, లామినేషన్ చేయించి, నాలుగు మూలలా కుంకుమ బొట్లు పెట్టిన కొత్త పటం. శనివారం ఫొటో. గీతలు పడక ముందుది.

"తెనాలి స్టూడియోలో చేయించా," అంది అత్త. "కొవ్వొత్తుల కాంతిలో ఎంత బాగుందో! మీ మావయ్య పేరు ఏదిరా ఇందులో?"

"పైనుంచి రెండోది."

ఆవిడ రెండో వరసకు ఇంకో బొట్టు పెట్టి కాఫీకి వెళ్ళింది. నేను మంచం అంచున కూర్చుని మావయ్యకు మొత్తం చెప్పాను. బూట్లో బిస్కెట్ల దగ్గర ఆయన ఒక చేత్తో ఛాతీ పట్టుకున్నాడు. బాప్తిజం దగ్గర రెండో చెయ్యి కూడా పెట్టాడు.

"ఏంటిరా, కుట్లు ఊడతాయి, ఆయన్ని నవ్వించమాక!" అని లోపల్నుంచి అత్త కేక.

"గీతలు స్కేలు పెట్టి కొట్టిందా?" అన్నాడు మావయ్య ఊపిరి తీసుకుని.

"స్కేలు పెట్టే."

"బుద్ధిమంతురాలు. మీ అత్తకి చెప్పమాక. రోజూ పొద్దున స్వామికి అయ్యాక హారతి నాకే. ఏ పేజీ అయితేనేం." పెరుగు గిన్నె పక్కన పెట్టాడు. "అమ్మది ఉందన్నావా?"

"నోటుబుక్కులో ఉంది. కుడి పేజీలో."

"మీ అత్త ఇరవై చెప్తే ఇరవై రాయాలిరా. చెప్పినవాటిలో నువ్వు ఏరేయటం ఏంటి? అదే నీ తప్పు. మిగతాదంతా వరస తప్పు, అంతే."

ఇదంతా రాసి పత్రికకు పంపుతానని అడిగితే ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. అత్త పత్రిక మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువుతుంది. అచ్చయ్యే రోజు ముందుగా చెప్తే ఆయన అమృతలూరులో తన స్నేహితుడి ఇంటికి వెళ్ళిపోతాడట, రెండు రోజులు. నన్నూ ఆ రెండు రోజులు రేపల్లె రైలెక్కొద్దన్నాడు.